వీల్‌చెయిర్‌కి గేర్లు ఎందుకు ఉండవు? మా బాబాయ్ భుజం నొప్పి నేర్పిన మెకానిక్స్

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

మీరు సైకిల్ మీద ఫ్లైఓవర్ ఎక్కుతున్నారు. సగం దూరం వెళ్లేసరికి తొడలు పట్టేస్తున్నాయి. ఏం చేస్తారు? గేర్ మారుస్తారు. స్పీడ్ తగ్గుతుంది కానీ కాలికి పని తేలికవుతుంది. ఇప్పుడు అదే ఎత్తు చేతులతో ఎక్కాలి అనుకోండి. బండి మీద మీ ఒంటి బరువు మొత్తం ఉంది, గేర్ మాత్రం లేదు. ఎక్కినా, దిగినా, గుంతలో పడినా ఒకటే గేర్. అదే వీల్‌చెయిర్.

మన దగ్గర 500 రూపాయల స్పీకర్‌కి కూడా కొత్త మోడల్ ఎప్పుడొస్తుందా అని చూస్తాం. మరి మనిషి రోజంతా కూర్చునే బండి గురించి ఎవరైనా ఆలోచించారా, లేదా? ఆలోచించారు. చాలా బాగా ఆలోచించారు. కానీ ఆ ఆలోచన మన వీధి దాకా రాలేదు. ఈ రోజు కథ అదే.

ముందు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తాను. మా బాబాయ్ ఖమ్మంలో ఎలక్ట్రీషియన్. ఆరేళ్ల క్రితం పని చేస్తూ స్లాబ్ మీద నుంచి కింద పడ్డారు. వెన్నుపూసకి దెబ్బ తగిలి నడుము కింద నుంచి స్పర్శ పోయింది. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు ఒక వీల్‌చెయిర్ కొన్నాం. కొన్నాం అంటే, మెడికల్ షాపులో ఏది ఉంటే అది తెచ్చాం. కొలతలు ఎవరూ తీసుకోలేదు, మేమూ అడగలేదు. చెప్పులకైనా సైజు అడుగుతాం కదా, వీల్‌చెయిర్‌కి మాత్రం అడగాలని తట్టలేదు.

మూడేళ్లకి బాబాయ్‌కి కుడి భుజం నొప్పి మొదలైంది. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. మంచం మీద నుంచి కుర్చీలోకి మారాలంటే రెండు చేతుల మీద ఒళ్లు ఎత్తాలి, అది కష్టమైంది. డాక్టర్ గారు ఏమన్నారంటే, "భుజానికి రెస్ట్ ఇవ్వండి" అని. అప్పుడు బాబాయ్ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఒరేయ్, కాళ్లకి రెస్ట్ ఇచ్చి చేతులతో నడుస్తున్నా. చేతులకీ రెస్ట్ ఇస్తే ఇంక దేంతో నడవాలిరా?"

నేను బీటెక్ చదివాను, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఆ మాట విన్నాక మాత్రం ఫస్ట్ ఇయర్‌లో చదివి మర్చిపోయిన ఇంజినీరింగ్ మెకానిక్స్ పుస్తకం మళ్లీ తెరిచాను. చదివేకొద్దీ అర్థమైంది ఏంటంటే, తప్పు భుజానిది కాదు, బండిది.

(స్క్రీన్ మీద మామూలు ఫోల్డింగ్ వీల్‌చెయిర్ ఫొటో)

ఇదిగో, ఈ కుర్చీ మీ అందరికీ తెలుసు. రైల్వే స్టేషన్‌లో, హాస్పిటల్‌లో, గుడి దగ్గర, ఎక్కడ చూసినా ఇదే. స్టీలు గొట్టాలు, మధ్యలో రెగ్జిన్ సీటు, వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్నవి. వెనక చక్రం 24 అంగుళాలు. దాని పక్కనే ఇంకో రింగు ఉంటుంది, చేత్తో తోసేది, దాన్ని హ్యాండ్ రిమ్ అంటారు. ముందు చిన్న చక్రాలని క్యాస్టర్లు అంటారు. ఆఫీసు కుర్చీ కింద ఉండేవి కూడా క్యాస్టర్లే. ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి తిరుగుతాయి.

ఈ డిజైన్ వయసెంత అనుకుంటున్నారు? దాదాపు 90 ఏళ్లు.

హెర్బర్ట్ ఎవరెస్ట్ అని ఒక అమెరికన్ ఇంజినీర్. 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగింది. అప్పట్లో వీల్‌చెయిర్లు అంటే చెక్కతో, పేముతో చేసిన పెద్ద పెద్ద కుర్చీలు. ఇంట్లో పర్వాలేదు, కారులో మాత్రం పట్టవు. ఆయన ఫ్రెండ్ హ్యారీ జెన్నింగ్స్ మెకానికల్ ఇంజినీర్. ఇద్దరూ కలిసి 1933లో స్టీలు గొట్టాలతో మడతపెట్టే కుర్చీ తయారుచేశారు. సీటు కింద రెండు గొట్టాలు ఎక్స్ ఆకారంలో అడ్డంగా ఉంటాయి, కత్తెరలాగా. సీటు మధ్యలో పట్టుకుని పైకి లాగితే కుర్చీ రెండు పక్కల నుంచి దగ్గరికొచ్చేస్తుంది. అంతే, కారులో పెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద విషయం. కుర్చీలో ఉన్న మనిషి ఊరు దాటగలిగాడు!

ఆ ఎక్స్ ఫ్రేమే ఈ రోజుకీ మన మెడికల్ షాపుల్లో ఉంది. మంచి డిజైన్ కాబట్టి నిలబడింది అనుకోవచ్చు. కానీ ఇంకో కారణం కూడా ఉంది. ఎవరెస్ట్ అండ్ జెన్నింగ్స్ కంపెనీ తర్వాత మార్కెట్‌ని ఎంతగా పట్టుకుందంటే, 1977లో అమెరికా ప్రభుత్వమే పోటీని అడ్డుకుంటున్నారని ఆ కంపెనీ మీద కేసు వేసింది. పోటీ లేని చోట డిజైన్ మారదు. ఫోన్ల విషయంలో ఇది మనకి బాగా తెలుసు కదా.

సరే, తర్వాత మలుపు ఎక్కడ వచ్చింది? కాలిఫోర్నియాలో. 1978లో మెర్లిన్ హామిల్టన్ అనే అమ్మాయి హ్యాంగ్ గ్లైడింగ్ చేస్తూ పడిపోయింది. హ్యాంగ్ గ్లైడర్ అంటే పెద్ద గాలిపటం లాంటి రెక్క కింద వేలాడుతూ ఎగరడం. ఆమెకి నడుము కింద కదలిక పోయింది. ఇచ్చిన స్టీలు కుర్చీ 20 కిలోలకి పైనే. ఆమెకి అది నచ్చలేదు. ఆమె ఫ్రెండ్స్ డాన్ హెల్మన్, జిమ్ ఒకమోటో హ్యాంగ్ గ్లైడర్లు తయారుచేసేవాళ్లు. "మీరు గాల్లో ఎగిరే వస్తువుని అంత తేలిగ్గా చేస్తారు కదా, నా కుర్చీ కూడా అలాగే చేయండి" అన్నట్టు అడిగింది. వాళ్లు గ్లైడర్‌కి వాడే అల్యూమినియం గొట్టాలతోనే కుర్చీ చేసిచ్చారు. దాదాపు 12 కిలోలు. పాత కుర్చీలో సగం! అదే క్వికీ. రంగురంగుల్లో కూడా అమ్మారు. హాస్పిటల్ వస్తువులా కాకుండా స్పోర్ట్స్ సైకిల్‌లా కనిపించేది. మెర్లిన్ తర్వాత వీల్‌చెయిర్ టెన్నిస్ ఛాంపియన్ కూడా అయింది.

ఇక్కడ చాలామంది, "ఓకే బ్రో, బరువు తగ్గించారు, అదే ఇన్నొవేషన్" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. కానీ ఒకసారి లెక్క వేద్దాం.

మన దేశంలో ర్యాంప్‌కి రూల్ ఏంటంటే, వాలు 1కి 12 ఉండాలి. అంటే 1 అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు. ఇప్పుడు మనిషి 70 కిలోలు, కుర్చీ 20 కిలోలు, మొత్తం 90. ర్యాంప్ మీద కిందకి జారకుండా పట్టుకోవడానికే 90లో పన్నెండో వంతు, అంటే ఏడున్నర కిలోల బలం పెట్టాలి. కుర్చీ బరువు సగం చేశాం అనుకోండి, 10 కిలోలు. మొత్తం 80. పన్నెండో వంతు ఆరున్నర కంటే కొంచెం ఎక్కువ. అంటే మిగిలింది ఒక కిలో లోపే. ఎందుకంటే బండి మీద అసలు బరువు మనిషిది. కుర్చీని ఎంత తగ్గించినా మనిషి బరువు మనిషిదే.

అంటే తేలిక కుర్చీ వేస్టా? కాదు. కుర్చీని ఎత్తి ఆటోలో పెట్టేటప్పుడు 10 కిలోలకీ 20 కిలోలకీ చాలా తేడా. ఎత్తేది మీ అమ్మో, మీ పిన్నో అయితే ఇంకా తేడా. కానీ తోసేటప్పుడు భుజాన్ని కాపాడేది బరువు ఒక్కటే కాదు. అసలు మ్యాజిక్ వేరే చోట ఉంది. క్వికీ లాంటి కుర్చీలు తెచ్చిన అతి ముఖ్యమైన మార్పు కంటికి కనిపించదు. వెనక చక్రం ఇరుసుని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు. అంతే.

ఇరుసు జరిపితే ఏమవుతుంది? ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌లో అసలు పాయింట్ ఇదే.

షాపు కుర్చీలో వెనక చక్రం ఇరుసు సరిగ్గా వీపు ఆనించే గొట్టం కింద ఉంటుంది. ఎందుకంటే కుర్చీ వెనక్కి పడకూడదు. హాస్పిటల్‌లో వెనక నుంచి ఇంకొకరు తోస్తారు కాబట్టి అక్కడ అది కరెక్టే. కానీ అలా పెట్టినప్పుడు మనిషి బరువులో చాలా భాగం ముందు చిన్న చక్రాల మీద పడుతుంది. చిన్న చక్రం అంటే ఏంటి? ప్రతి గులకరాయీ దానికి కొండే.

ఇంకో లెక్క. 8 అంగుళాల క్యాస్టర్, అంటే దాని వ్యాసార్థం దాదాపు 10 సెంటీమీటర్లు. ముందు ఒక అంగుళం ఎత్తు గడప వచ్చింది. ఆ చక్రం గడప ఎక్కాలంటే, దాని మీద ఉన్న బరువులో దాదాపు 90 శాతం బలంతో అడ్డంగా తోయాలి. అదే గడప 24 అంగుళాల చక్రం ఎక్కాలంటే 45 శాతం లోపు చాలు. సగం! ఇప్పుడు చిన్న చక్రాల మీద 40 కిలోలు ఉన్నాయి అనుకోండి, ఒక అంగుళం గడపకి 35 కిలోల తోపు కావాలి. ఇరుసు ముందుకి జరిపి ఆ బరువుని 20 కిలోలకి తగ్గిస్తే, తోపు కూడా సగానికి పడిపోతుంది. ఒక్క రూపాయి కొత్త పార్టు లేకుండా, ఒక బోల్టు జరిపితే వచ్చిన లాభం ఇది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇరుసు ముందుకి వస్తే చక్రం కూడా మీ చేతి దగ్గరికి వస్తుంది. షాపు కుర్చీలో చక్రం వెనకగా ఉంటుంది కాబట్టి చేతులు వెనక్కి విరిచి పట్టుకోవాలి. భుజానికి అంతకంటే చెడ్డ పొజిషన్ లేదు. చక్రం ముందుకి వస్తే రిమ్‌ని ఎక్కువ దూరం పట్టుకుని తోయొచ్చు. పొట్టి పొట్టి తోపులు పదికి బదులు పొడుగు తోపులు ఆరేడు సరిపోతాయి. రోజుకి ఎన్ని వందల సార్లు తోస్తారో ఆలోచించండి.

అమెరికాలో వెన్నుపూస గాయాలైనవాళ్ల భుజాలు, చేతులు కాపాడటానికి 2005లో డాక్టర్ల కోసం గైడ్‌లైన్స్ వచ్చాయి. అందులో ఉన్నది కూడా ఇదే: కుర్చీ తిరగబడని మేరకు ఇరుసుని వీలైనంత ముందుకి పెట్టండి. ఎత్తుకి కూడా ఒక గుర్తు చెప్పారు. రిమ్ పైభాగం మీద చెయ్యి పెట్టినప్పుడు మోచెయ్యి 100 నుంచి 120 డిగ్రీల మధ్య వంగి ఉండాలి. చెయ్యి పూర్తిగా చాపితేనే అందుతోంది అంటే కుర్చీ ఎత్తు ఎక్కువైనట్టు. మోచెయ్యి బాగా ముడుచుకుంటోంది అంటే తక్కువైనట్టు.

ఒక వార్నింగ్. ఇది విని ఈ రాత్రే స్పానర్ తీసుకుని కూర్చోవద్దు. ఇరుసు ముందుకి వెళ్లేకొద్దీ కుర్చీ వెనక్కి తిరగబడే ఛాన్స్ పెరుగుతుంది. కాళ్లు తీసేసినవాళ్లకైతే బరువు సహజంగానే వెనక్కి ఉంటుంది, వాళ్లకి ఇరుసు ఇంకా వెనక్కే ఉండాలి. ఫిజియోథెరపిస్ట్ లేదా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పక్కన ఉండగా, కొంచెం కొంచెంగా, వెనక పడకుండా ఆపే చిన్న చక్రాలు బిగించి చేయాల్సిన పని ఇది.

ఓకే, తర్వాత. పారాలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ కుర్చీలు చూశారా? చక్రాలు నిటారుగా ఉండవు. పైన దగ్గరగా, కింద దూరంగా, గుడారంలా వాలి ఉంటాయి. దీన్ని క్యాంబర్ అంటారు. కింద వెడల్పు పెరిగితే పక్కకి పడదు, చటుక్కున తిరుగుతుంది. 24 అంగుళాల చక్రానికి ఒక్కో డిగ్రీకి కింద మొత్తం వెడల్పు ఒక సెంటీమీటర్ చొప్పున పెరుగుతుంది. ఆటలో 15, 20 డిగ్రీలు పెట్టినా పర్వాలేదు. ఇంట్లో మాత్రం బాత్రూమ్ తలుపు పట్టదు! అందుకే రోజూ వాడే కుర్చీకి రెండు మూడు డిగ్రీలు చాలు. ఇంజినీరింగ్‌లో ప్రతి లాభానికీ ఒక బిల్లు వస్తుంది అనడానికి ఇదే ఉదాహరణ.

ఇప్పటిదాకా చెప్పింది నున్నటి నేల గురించి. మన రోడ్ల సంగతేంటి? మట్టి దారి, కంకర, వానాకాలం బురద. దీని గురించి జీవితం మొత్తం పనిచేసిన మనిషి ఒకరున్నారు, రాల్ఫ్ హాచ్‌కిస్. 1966లో కాలేజీలో ఉండగా మోటార్‌సైకిల్ ప్రమాదంలో ఆయనకి కాళ్లు చచ్చుబడ్డాయి. 1980లో నికరాగువా వెళ్లి, అక్కడి వీల్‌చెయిర్ వాడే కుర్రాళ్లతో కలిసి స్థానికంగా తయారుచేసుకునే కుర్చీల మీద పని మొదలుపెట్టారు. ఆ పనే తర్వాత వర్ల్‌విండ్ అనే సంస్థ అయింది. ఆయన పద్ధతి నాకు చాలా నచ్చింది. డిజైన్ ఎవరికీ దాచలేదు. ఏ ఊళ్లో దొరికే గొట్టాలతో, సైకిల్ చక్రాలతో ఆ ఊళ్లోనే చేసుకోండి, మార్పులు చేస్తే మాకూ చెప్పండి అన్నారు. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్, ఆ మాట పుట్టకముందే!

వాళ్ల రఫ్‌రైడర్ కుర్చీలో రెండు విషయాలు చూడండి. ఒకటి, ముందు చక్రం బాగా వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో ఉంటుంది. దాన్ని జింబాబ్వే వీల్ అంటారు. సన్న చక్రం ఇసుకలో కత్తిలా దిగిపోతుంది, వెడల్పు చక్రం పైన తేలుతుంది. మన ఎడ్లబండికీ ట్రాక్టర్ టైరుకీ ఉన్న తేడా అన్నమాట. రెండోది, ముందు చక్రాలు కాళ్లు పెట్టే పలక కంటే ముందుకి ఉంటాయి. చక్రం గుంతలో దిగినా మనిషి ముందుకి తూలి బోర్లా పడడు. మా బాబాయ్ అలా ఒకసారి పడ్డారు, డ్రైనేజీ మూత పక్కన. అందుకే ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. ఇంత చిన్న మార్పు కదా అని.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. గేర్లు ఎందుకు లేవు?

నిజానికి ఉన్నాయి, 1655 నుంచే! స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అని జర్మనీలో న్యూరెంబర్గ్ దగ్గర ఒక గడియారాలు చేసే కుర్రాడు. నడవలేడు. 22 ఏళ్ల వయసులో తన కోసం తనే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. చేత్తో హ్యాండిల్ తిప్పితే పళ్ల చక్రాల ద్వారా ముందు చక్రం తిరుగుతుంది. గడియారం లోపలి తెలివే బండికి వాడాడు. దాని వారసుల్ని మనం రోజూ చూస్తాం. మన ఊళ్లలో కనిపించే చేతి పెడల్ మూడు చక్రాల బండి, చెయిన్‌తో తిరిగేది. రోడ్డు మీద అది వీల్‌చెయిర్ కంటే చాలా హాయి. కానీ ఇంట్లోకి రాదు, గదిలో తిరగదు. రోడ్డుకి ఒక బండి, ఇంటికి ఒక కుర్చీ, మధ్యలో పాకడం. చాలామంది జీవితం ఇదే.

మామూలు హ్యాండ్ రిమ్‌లో చెయ్యి ఎంత జరిగితే చక్రం దాదాపు అంతే జరుగుతుంది. అంటే ఫిక్స్‌డ్ గేర్. కానీ దాని వల్ల ఒక మంచి ఉంది. అదే స్టీరింగ్, అదే బ్రేక్, అదే యాక్సిలరేటర్. ఒక చక్రం ముందుకి, ఇంకోటి వెనక్కి తిప్పితే ఉన్న చోటే గిర్రున తిరుగుతుంది. అందుకే ఇంట్లో దాన్ని మించింది లేదు. గేర్లు పెట్టిన చక్రాలు కూడా వచ్చాయి కానీ బరువు, ధర పెరుగుతాయి. మరి ఇంటికీ రోడ్డుకీ ఒకే బండి ఎలా?

దీనికి నాకు తెలిసిన వాటిలో అందమైన జవాబు ఎంఐటీలో ఆమోస్ వింటర్ టీమ్ చేసిన లివరేజ్డ్ ఫ్రీడమ్ చెయిర్. ఆలోచన ఎంత సింపుల్ అంటే, రెండు చేతులకీ రెండు పొడుగాటి కర్రల్లాంటి లివర్లు. ముందుకి నెడితే చెయిన్ లాగుతుంది, చక్రం తిరుగుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు ఫ్రీవీల్ టిక్ టిక్‌మని వదిలేస్తుంది, మన సైకిల్‌లో ఉన్నట్టే. బ్రేక్ కావాలంటే లివర్లని ఇంకా వెనక్కి లాగాలి.

మరి గేర్ ఎక్కడ? గేర్ మీ చెయ్యే! లివర్‌ని పైన పట్టుకుంటే బలం ఎక్కువ, స్పీడ్ తక్కువ. కింద పట్టుకుంటే స్పీడ్ ఎక్కువ, బలం తక్కువ. ఉదాహరణకి ఇరుసు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న చెయ్యిని 60 సెంటీమీటర్లకి జరిపితే, అదే తోపుకి రెట్టింపు మెలితిప్పే బలం వస్తుంది. బోరింగు పంపు కొట్టేటప్పుడు చిన్న పిల్లలు హ్యాండిల్ చివర పట్టుకుని వేలాడతారు చూడండి, ఆ లాజిక్కే. గేర్‌బాక్స్ లేదు, కేబుల్ లేదు, చెడిపోయేది లేదు. ఇంటికొచ్చాక లివర్లు పీకేసి పక్కన పెడితే మామూలు వీల్‌చెయిర్. కదిలే పార్టులన్నీ సైకిల్ పార్టులే, అంటే సైకిల్ షాపులో రిపేర్ అయిపోతుంది.

ఇందులో నాకు ఇంకా నచ్చింది వాళ్ల ఫెయిల్యూర్. ఆఫ్రికాలో ట్రయల్‌కి ఇచ్చిన మొదటి మోడల్ రోడ్డు మీద బాగానే వెళ్లింది. కానీ బరువు ఎక్కువ, వెడల్పు ఎక్కువ, ఇంట్లో వాడలేకపోయారు. వాడినవాళ్లు ఆ మాట మొహం మీదే చెప్పారు. వాళ్లు వెనక్కెళ్లి బరువు, వెడల్పు తగ్గించి మళ్లీ చేశారు. తర్వాత మన దేశంలో జైపూర్ ఫుట్ సంస్థతో కలిసి ఇక్కడ కూడా ట్రయల్స్ చేశారు. యూజర్ ఫీడ్‌బ్యాక్ అని మేం ఆఫీసుల్లో పెద్ద పెద్ద పీపీటీలు చేసేవాళ్లం. అసలు యూజర్ ఫీడ్‌బ్యాక్ అంటే ఇది.

ఇంకా చాలా ఉన్నాయి, స్పీడ్‌గా చెప్పేస్తా. ఇంగ్లండ్‌లో శామ్ పియర్స్ చేసిన లూప్‌వీల్స్‌లో స్పోక్స్ ఉండవు, వాటి బదులు వంపు తిరిగిన మూడు కార్బన్ స్ప్రింగులు. చక్రమే షాక్ అబ్జార్బర్. క్విక్ రిలీజ్ యాక్సిల్, మధ్యలో బటన్ నొక్కితే పెద్ద చక్రం ఊడి చేతిలోకొస్తుంది, ఆటోలో పెట్టడం ఈజీ. మామూలు గాలి టైరు కూడా తక్కువది కాదు. పంక్చర్ గొడవ ఉన్నా, గాలి సరిగ్గా ఉంటే గట్టి రబ్బరు టైరు కంటే తేలిగ్గా దొర్లుతుంది. గాలి తగ్గితే మాత్రం ఆ లాభం పోతుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా వీల్‌చెయిర్ ఉంటే, ఈ వీడియో అయ్యాక వెళ్లి గాలి చూడండి. ఇది ఫ్రీ అప్‌గ్రేడ్!

మన దేశంలో ఏం జరుగుతోంది? ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ సుజాత శ్రీనివాసన్ గారి టీమ్ దీని మీద చాలా పని చేసింది. 2019లో అరైజ్ అనే కుర్చీ తెచ్చారు. మోటారు లేకుండా, చేతి బలంతోనే కూర్చున్న మనిషి నిలబడొచ్చు, మళ్లీ కూర్చోవచ్చు. నిలబడటం ఎందుకంటే ఎముకలకి, రక్త ప్రసరణకి మంచిది. పైగా ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడొచ్చు. అదే ల్యాబ్ నుంచి పుట్టిన నియోమోషన్ అనే స్టార్టప్ నియోఫ్లై అనే కుర్చీ చేస్తోంది. మనిషి కొలతల్ని బట్టి 18 రకాల మార్పులు చేసి ఇస్తారు. వచ్చిన కొత్తలో ధర సుమారు 40 వేలు. ముందు తగిలించే మోటారు బండి నియోబోల్ట్ వేరే. 40 వేలు అంటే మనలో చాలామంది ఫోన్ ధర. కానీ ఆదాయం ఆగిపోయిన ఇంటికి అది చిన్న మాట కాదు, నాకు తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వీల్‌చెయిర్ అవసరమైనవాళ్లు ప్రపంచంలో సుమారు 8 కోట్ల మంది. అందరికీ కార్బన్ ఫైబర్ కుర్చీ ఇవ్వలేం. కానీ అదే సంస్థ 2008 గైడ్‌లైన్స్‌లో ఏం చెప్పిందో చూడండి. వీల్‌చెయిర్ ఇవ్వడం అంటే ఎనిమిది మెట్ల పని. కొలతలు తీయడం, సరిపడేది రాయడం, కూర్చోబెట్టి సరిచేయడం, వాడటం నేర్పడం, తర్వాత రిపేర్ చూడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన దగ్గర ఏం జరుగుతుంది? వరసగా కుర్చీలు, దండలు, ఫొటో, అయిపోయింది. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ సైజు సరిపోని కుర్చీ దానం కాదు, మూడేళ్ల తర్వాత వచ్చే భుజం నొప్పి.

కాబట్టి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా కుర్చీ కొంటుంటే ఈ ఐదూ గుర్తుపెట్టుకోండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, సీటు వెడల్పు. తుంటికి ఆనుకునేంతలో ఉండాలి, అటూ ఇటూ కొంచెం ఖాళీ చాలు. "లావైతే పనికొస్తుంది" అని పెద్దది కొనొద్దు. వెడల్పు పెరిగితే చక్రాలు చేతులకి దూరమవుతాయి.

రెండు, సీటు లోతు. మోకాలి వెనక రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి.

మూడు, మోచెయ్యి కోణం. ఇందాక చెప్పాను, 100 నుంచి 120 డిగ్రీలు. ఫోన్‌లో పక్క నుంచి ఫొటో తీస్తే తెలిసిపోతుంది.

నాలుగు, ఇరుసు. జరపడానికి వరసగా బోల్టు రంధ్రాలు ఉన్నాయా అని షాపులో అడగండి. లేకపోతే అది ఇంకొకరు తోసే కుర్చీ, మనం తోసుకునేది కాదు.

ఐదు, కుషన్. స్పర్శ లేని చోట పుండు పడితే మనిషికి తెలియదు, ప్రాణం మీదకి వస్తుంది. రెగ్జిన్ సీటు మీద దిండు వేసి కానిచ్చేయొద్దు. ఒత్తిడి పుండ్లు రాకుండా చేసిన కుషన్ అడగండి. మధ్యమధ్యలో ఒళ్లు లేపి ఒత్తిడి తగ్గించడం కూడా అలవాటు చేయాలి.

ఇప్పుడు బాబాయ్ సంగతి చెప్పి ముగిస్తా. పోయినేడాది ఒక థెరపిస్ట్ మేడమ్ ఇంటికొచ్చి కొలతలు తీశారు. బాబాయ్‌కి కావాల్సింది 16 అంగుళాల సీటు. ఆరేళ్లుగా కూర్చుంటున్నది 18. రెండు అంగుళాల దూరానికి ఆయన భుజాలు రోజూ పక్కకి చాచి తోశాయి. ఇరుసు జరిపే వీలున్న అల్యూమినియం కుర్చీ తీసుకున్నాం. మేడమ్ దగ్గరుండి రెండు విడతల్లో ముందుకి జరిపించారు. మొదటి రోజు వెనక్కి పడతానేమో అని బాబాయ్ బాగా భయపడ్డారు. పిన్ని వారం రోజులు వెనకే నడిచింది.

భుజం పూర్తిగా తగ్గిందా అంటే, లేదు. అరిగింది అరిగిందే, వెనక్కి రాదు. ఆ విషయం అబద్ధం చెప్పి మీతో చప్పట్లు కొట్టించుకోను. కానీ ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది. సందు చివర టీ కొట్టు దాకా తనే వెళ్తున్నారు. కొట్టు ముందు ఇంకా ఒక మెట్టు ఉంది, కాబట్టి టీ రోడ్డు మీదకే వస్తుంది. ఆ మెట్టు సంగతి ఆ అన్నతో మాట్లాడుతున్నాం.

మొన్న ఫోన్ చేసి బాబాయ్ అన్నారు, "ఒరేయ్, ఆ బోల్టు ముందే జరిపించి ఉంటే ఈ మూడేళ్లు మిగిలేవి కదరా" అని. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఎపిసోడ్ చేశాను. మీ ఇంట్లో ఆ మూడేళ్లు పోకూడదని.

మీకు తెలిసినవాళ్లలో వీల్‌చెయిర్ వాడేవాళ్లు ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. వాళ్లు వాడే కుర్చీలో ఏది ఇబ్బందో కామెంట్‌లో రాయమనండి. నేను చదువుతాను, తెలిసిన థెరపిస్టులతో మాట్లాడి ఇంకో ఎపిసోడ్‌లో జవాబులు చెప్తాను. వచ్చే వారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. అప్పటిదాకా టైర్లో గాలి చెక్ చేయడం మర్చిపోకండి. ఉంటాను, బై!